కలుపు – ఎండుటాకు

గోదావరి యెడమయొడ్డున భద్రాచలము, కుడియొడ్డున బూర్గంపాడు. భద్రాచలసీమను నిజాము 1860లో బ్రిటిషువారికి విడిచిపెట్టెను. అది మొదట మధ్యపరగణాలలో జేరి, 1874లో మదరాసు రాజధానికి మారెను. 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చెను. కుడియొడ్డు 1948 వరకు నిజాముదిగానే యుండెను. ఇన్ని ప్రభుత్వములు మారిన యీ యడవియంచున మారనిది కలుపొక్కటే. దానిని జనులు రెండువిధముల నెదిరించిరి: నిప్పుతో నొకటి, కప్పుతో నొకటి. మొదటిదాని చరిత్ర దొరతనపు దస్త్రములలో విస్తారముగా గలదు. రెండవదాని జాడ వానిలో నరుదు.

నిప్పనగా పోడు. కొండరెడ్లును కోయలును చెట్టుచేమ నరికి, యెండినపిదప కాల్చి, యా బూడిదలో గింజలు నాటుచుండిరి. బూడిద యెరువగుననుట సగము మాట మాత్రమే. ఆ వేడికి పైమంటిలోని కలుపుగింజలు మాడిపోవుట రెండవ సగము. మొదటియేడు కలుపు స్వల్పము. రెండుమూడేండ్లలో నది పంటను మించును. సారము తగ్గుటయే గాక, కలుపు పెరుగుటయు ఆ చోటు విడిచి పోవుటకు హేతువు. నాగలియు నెడ్లును లేని కుటుంబమునకు వేఱుదారి యేది? దీనిని సోమరితనమని నిందించినవారు ఒక్కదినమైనను కలుపు తీసియుండరు.

రేకపల్లి సీమ మధ్యపరగణాలలో నున్నంతకాలము పోడునకు పెద్దగా నడ్డు లేకుండెను. మదరాసువారు పన్నును దాదాపు మూడింతలు చేసి, కొన్ని తావుల పోడు కూడదనిరి. 1879లో రంపలో బుట్టిన పితూరీ ఆ జూలైలోనే రేకపల్లికి బ్రాకెను.

పిమ్మట చట్టము ఆకుమీదికిని వచ్చెను. 1927 నాటి ఇండియా అటవీచట్టము చెట్ల యాకులను, తుదకు పైమంటిని సైతము అటవీఫలసాయములో జేర్చినది. కౌటిల్యుడును అర్థశాస్త్రమున తాటాకును, భూర్జపత్రమును అడవిసరకులలో లెక్కించెను గాని, యవి వ్రాతకు బనికివచ్చునవి. చెట్టుక్రింద బడి క్రుళ్లు నాకుపై నతని చూపు బడలేదు! 2006 నాటి అటవీహక్కుల చట్టము చిన్నతరహా ఫలసాయముపై హక్కును గిరిజనులకును తక్కిన యడవివాసులకును ఇచ్చినది. మన పెరళ్లకు బండ్లకొలది యాకు తోలుకొనుటకు గాదు. అడవియాకు అడవినేలకే కప్పు. మన పెరటిలో రాలినది మనకు జాలును.

చాలునని యేల యనుచున్నాననగా, మన యిండ్ల రీతి చూడుడు. కలుపు తీయుట ఇల్లాలి పని, లేక కూలికి వచ్చిన కోయస్త్రీ పని. వంగినది వారి నడుము. అదే యింటి మగవారు మాఘమాసపు టుదయమున టేకాకును, వేపాకును ప్రోగుచేసి తగులబెట్టి, పెరడు శుభ్రమైనదని సంతోషింతురు. ఆ మంట కలుపును జంపదు. కలుపును జంపదగిన దానిని కాల్చును.

ముందుగా నున్న కలుపు తీసి, నేలను తడిపి, మూడునాలుగంగుళముల మందమున నాకు పఱపవలెను. సన్నని కలుపుగింజలలో బెక్కు వెలుతురు సోకనిదే మొలవవు. మొలచినవియు కప్పు దాటకమునుపే గింజలోని నిలువ చెల్లి చచ్చును. టేకాకు వెడల్పగుటచే నొకదానిపై నొకటి యంటుకొని వాననీటిని జార్చివేయును. కావున నలిపి వేయుట మేలు. మొక్క మొదట బెత్తెడు చోటు విడువనిచో క్రుళ్లు పట్టును. చెదల బెడద గలచోట పలుచగా వేయవలెను. తుంగకు మాత్ర మీ కప్పు లెక్కలేదు. అది గడ్డలో బలము దాచుకొని యాకును బొడుచుకొని లేచును. గరికయు నంతే. వానిని త్రవ్వి తీయవలసినదే.

వయ్యారిభామ మాట వేఱు. 1955 ప్రాంతమున పూనాలో గుర్తింపబడి దేశమంతట నల్లుకొనిన యీ మొక్క తాకిన కొందరి చేతులు దద్దురులెక్కును. దాని గింజ మిక్కిలి చిన్నది గావున దట్టమైన కప్పుక్రింద నణగును. పూయకమునుపు చేతితొడుగుతో బెరికి, కప్పులోనే వేయవచ్చును. పూచినదానిని వేసినచో గింజలు మనమే చల్లుకొన్నట్లు.

జపానుదేశపు ఫుకువోకా 1975లో వెలువరించిన గ్రంథమున పంటగడ్డిని పొలమునకే తిరిగి పఱచుమనెను. మనకు వరిగడ్డి పశువుల నోటిది, ఆకే దిక్కు. తొలకరికిముందొకసారి, ఆశ్వయుజమున వానలు వెనుకబట్టినపు డింకొకసారి వేసిన జాలును. నడుమ నది క్రుంగి నల్లని మన్నగుచు బోవును.