అలజడి లేని పక్షి వీక్షణ

పక్షులను వాటి తావుల్లోనే, మేతకూ గూటికీ భంగం కలగకుండా గమనించే వ్యాపకం. దూరం పాటించడం, గూళ్ల జోలికి పోకపోవడం దీని మూలసూత్రాలు. తల్లి బెదిరి లేచిపోతే గుడ్లు ఎండకు మాడతాయి, లేదా కాకుల పాలవుతాయి.

బైనాక్యులర్‌తో దూరం నుంచే ఈకల రంగు తెలుస్తుంది. 2002లో మొదలైన ఈబర్డ్ అనే ఆన్‌లైన్ వేదికలో వీక్షకులు చూసిన జాతులను, వాటి సంఖ్యను నమోదు చేస్తారు. మెర్లిన్ యాప్ కూత విని పక్షి పేరు సూచిస్తుంది. అదే ఫోన్‌లో రికార్డు చేసిన కూతను పదేపదే వినిపిస్తే మాత్రం, పోటీదారు వచ్చిందనుకొని మగపక్షి మేత మాని వెతుకుతుంది.

అంతరించిందనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన కలివికోడి అనే పక్షి రాత్రి సంచారి. దాన్ని బెదరగొట్టకుండా జాడ తెలుసుకునేందుకు పరిశోధకులు పొదల నడుమ మెత్తటి మట్టి పరిచి అడుగుల గుర్తులు వెతికారు, కెమెరా ట్రాప్‌లు అమర్చారు. పక్షుల రక్షణ కోసమే, వేట ముప్పున్న కొన్ని జాతుల కచ్చితమైన తావును ఈబర్డ్ కూడా బయటపెట్టదు.