గుణమే కొలమానం: కుర్క్యాల కందాలలో మానవ ఔన్నత్య భావన

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కుర్క్యాల సమీపాన ఉన్న బొమ్మలగుట్ట శాసనం తెలుగు పరిశోధకులకు ప్రధానంగా ఛందోచరిత్ర ఆధారంగా పరిచితం. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో వెలసిన ఈ 10వ శతాబ్ది శాసనంలోని మూడు కందపద్యాలు నన్నయకు పూర్వమే ఆ ఛందస్సు తెలుగులో కుదురుకున్నదనడానికి సాక్ష్యం. వాటి యతిప్రాసల మీద జరిగినంత చర్చ వాటి తాత్పర్యం మీద జరగలేదనిపిస్తుంది. మనిషి దేనివల్ల గొప్పవాడవుతాడన్న ప్రశ్నకు ఆ కందాలు చెప్పిన సమాధానమే ఈ వ్యాస విషయం.

శాసనకర్త జినవల్లభుడు పంపకవి తమ్ముడు. కన్నడ వచనభాగం ఆ కుటుంబ వివరాలనూ, సబ్బినాడు నడుమనున్న ధర్మపురాన్నీ, దానికి ఉత్తరాన ఉన్న వృషభగిరినీ పేర్కొంటుంది. (నేటి గోదావరీతీర ధర్మపురి కుర్క్యాలకు ఉత్తరంగానే ఉన్నది. కనుక పేరు కలిసినంత మాత్రాన శాసనోక్త ధర్మపురం అదేననడం యుక్తం కాదు.) ఆద్యంత జినబింబాలనూ, చక్రేశ్వరినీ, త్రిభువనతిలకమనే బసదినీ, మదనవిలాసమనే వనాన్నీ, కవితాగుణార్ణవమనే చెరువునూ జినవల్లభుడు నిర్మింపజేశాడు. కవితాగుణార్ణవుడన్నది అన్న పంపని బిరుదు. 941లో పంపడు ఆదిపురాణంలో కీర్తించినది వృషభనాథుణ్ణే. చక్రేశ్వరి ఆ తీర్థంకరుని యక్షిణి. అన్న కావ్యానికి వస్తువైన దైవాన్నే తమ్ముడు కొండమీదికి తెచ్చాడనవచ్చు.

అదే పంపడు విక్రమార్జునవిజయంలో వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరిని అర్జునునితో అభిన్నం చేశాడు. అక్కడ మానవుని మహత్తుకు కొలత పరాక్రమం. నాటి రాజప్రశస్తులన్నిటిదీ అదే బాణీ. తమ్ముని కందాల బాణీ వేరు. మొదటి పద్యం జినభవనాలు ఎత్తించడం, జినపూజ, మునులకు అన్నదానం అనే పనులను చెప్పి, వీటిలో జినవల్లభునికి సాటి ఎవరని అడుగుతుంది. మూడవది ఇంకా ముఖ్యం. ఇతరులకు ఒక్కొక్క గుణమే ఉంటే ఇతని గుణాలు లెక్కకు అందవంటూ, అతణ్ణి గుణపక్షపాతి అంటుంది.

ఇక్కడ 'గుణ' శబ్దాన్ని సాధారణ స్తుతిపదంగా తీసుకోవడం చాలదు. జైనం సృష్టికర్తయైన ఈశ్వరుణ్ణి అంగీకరించదు. జినుడు వరాలివ్వడు, శపించడు. తత్త్వార్థసూత్ర సంప్రదాయంలోని మంగళాచరణం జినుని గుణాలు తనకు లభించడానికే నమస్కరిస్తున్నానంటుంది. ఈ తద్గుణలబ్ధి భావన ప్రకారం భక్తుని విలువ ఆరాధ్యుని పవిత్రత అతనిలో ఎంత ప్రతిఫలించిందన్నదానిపై ఆధారపడుతుంది. జినబింబాల చెంత చెక్కిన పద్యంలో దాత గుణాలను లెక్కించడం ఈ నేపథ్యంలో సహజమే.

అయితే ఒక చిక్కున్నది. రాగద్వేషాలను జయించినవాని ప్రతిమల పక్కనే దాత తనను సాటిలేనివాణ్ణిగా కీర్తింపజేసుకున్నాడు. రెండవ పద్యం సూర్యునితో సమంగా వెలగడం గురించీ, కవులను గెలవడం గురించీ మాట్లాడుతుంది. ఇది ప్రశస్తి మర్యాద అని సరిపెట్టుకోవచ్చు గాని, పూర్తిగా కాదు. కొలమానం మారినా కొలిపించుకోవాలన్న కోరిక మారలేదు.

ఈ చిక్కును మరొక వైపునుంచి ఎదుర్కొన్నవాడు ఉత్తర తెలంగాణకే చెందిన శేషప్పకవి. కుర్క్యాల తర్వాత ఎన్నో శతాబ్దాలకు ధర్మపురి నరసింహునిపై శతకం చెప్పినవాడు. గణయతిప్రాసలు ఎరుగనని, పంచకావ్యాలు పఠించలేదని, పద్యం తన ప్రజ్ఞ కాదని, దైవకటాక్షమని అంటాడు. వంకర తిరిగిన చెరకుకు తీపి చెడదన్నది అతని సమర్థన. (లక్షణం ఎరుగనన్న ఆ మాటనూ సీసంలోనే చెప్పాడనుకోండి!) జినవల్లభుడు దైవగుణాలను తనలో లెక్కించుకున్నచోట శేషప్ప తన లేమిని లెక్కపెట్టాడు. ఒకరిది సాధనతో పొందవలసిన ప్రతిఫలనం, ఇంకొకరిది అనుగ్రహంగా అందేది. రాజు మెప్పు మాత్రం ఇద్దరికీ కొలమానం కాలేదు. కుర్క్యాల కందాలలో దాత పేరు నిలిస్తే, నరసింహశతకంలో ప్రతి పద్యమూ ధర్మపుర నివాసుని సంబోధనతో ముగుస్తుంది.