ఇంటి ముంగిట జీపు మరమ్మతు

జీపు అనగానే మనకు ఆఫీసరు గారి క్యాంపులు గుర్తుకొస్తాయి గాని, అమెరికా సైన్యం పట్టికలో దాని పేరు ట్రక్కు. పావు టన్ను ట్రక్కు అని రాసుకున్నారు. అంచేత వెనక తట్టు తెరిచి బస్తాలు వేసుకునే పికప్ బళ్ళకు అది దగ్గర చుట్టమే. మన పల్లెల్లో ఇంటి ముంగిటే విప్పి బిగించుకున్న మోటారు బళ్ళలో దీనిది ప్రత్యేక స్థానం. అందుకు కారణం దాని పుట్టుకలోనే వుంది.

1940 జూలైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పెట్టి, తేలికైన బండి నమూనా 49 రోజుల్లో కావాలన్నది. ఆ గడువుకు నిలిచినది బాంటమ్ అనే చిన్న కంపెనీ. తర్వాత విల్లీస్ కంపెనీ 60 గుర్రాల శక్తి ఇంజను సైన్యానికి నచ్చింది. 1941 నుంచి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ ఒకే నమూనాలో బళ్ళు తయారు చేశాయి. యుద్ధం ముగిసేసరికి వాటి సంఖ్య ఆరు లక్షలు దాటింది. ఒక కంపెనీ బండి సామాను రెండో కంపెనీ బండికి సరిపోవాలన్నది నియమం. యుద్ధభూమిలో వర్క్‌షాపు ఎక్కడ దొరుకుతుంది? నాలుగు పానాలు చేతిలో వున్న సిపాయి చెట్టు కింద బాగు చేసుకోగలగాలి. సిపాయి కోసం చేసిన ఆ ఏర్పాటే తర్వాత రైతుకూ, మన డ్రైవరుకూ అక్కరకొచ్చింది.

యుద్ధానంతరం మిగిలిన బళ్ళు డిస్పోజల్స్‌లో అమ్ముడయ్యాయి. 1945లో మొదలైన మహీంద్రా అండ్ మహమ్మద్ సంస్థ, భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళిపోవడంతో 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించసాగింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. బ్లాకు ఆఫీసు వచ్చిన చోటికి జీపూ వచ్చింది. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక సమితి జీపు రాని వూరు అరుదు.

ఆ జీపు దారిలో ఆగితే డ్రైవరు ముందుగా చూసేవి రెండే: నిప్పు వస్తోందా, పెట్రోలు వస్తోందా? నిప్పు రాకపోతే డిస్ట్రిబ్యూటరు మూత తీసి, మసిబారిన పాయింట్లను గరుకు కాయితంతో రుద్దేవాడు. వాటి మధ్య సందు అంగుళంలో వెయ్యింట 20 వంతులుండాలి. ప్లగ్గు వైర్లు ఒకటి, మూడు, నాలుగు, రెండు వరసలో పెట్టాలి. ఈ వరస తప్పితే ఇంజను దగ్గుతుంది గాని కదలదు. వేసవిలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై పంపు ఆడకపోతే, పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగడమే మందు. బ్యాటరీ దిగిపోతే ముందువైపు హ్యాండిల్ రాడ్ తిప్పాలి. అప్పుడు బొటనవేలు రాడ్డు చుట్టూ బిగించక, తక్కిన వేళ్ళ పక్కనే వుంచాలి. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరరాదనీ, దిమ్మె పెట్టి తీరాలనీ పాత డ్రైవర్లు క్లీనర్లకు నేర్పిన మొదటి పాఠం.

జమాఖర్చుల్లోంచి తీసేసిన జీపులు వేలంలో రైతుల ఇళ్ళకు చేరాయి. వెనక సీట్లు తీసేస్తే ఎరువు బస్తాలకు బండి సిద్ధం. 1973లో చమురు ధరలు పెరిగాక పెట్రోలు ఇంజను ఖర్చు భరించలేక చాలామంది డీజిలు ఇంజను ఎక్కించుకున్నారు. పెద్ద పనులకు విజయవాడ ఆటోనగర్ వుండనే వుంది. కట్టలు విప్పి గ్రీజు పెట్టడం, బ్రేకుల్లో గాలి తీయడం మాత్రం ఇంటి దగ్గరే. బ్రేకు పెడలు తొక్కేందుకు ఇంట్లో ఇంకొకరు కావాలి గనుక, భార్యాపిల్లలు కూడా సహాయకులయ్యేవారు.

ఈనాటి బళ్ళలో పాయింట్లు లేవు, కంప్యూటరు పెట్టి చూస్తేనే లోపం తెలుస్తుంది. పొగ తగ్గింది, భద్రత పెరిగింది. అందుకు సంతోషించాలి. అయితే, 15 ఏళ్ళు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదని కేంద్రం ఉత్తర్వులిచ్చింది. ఆఫీసు షెడ్లలో మిగిలిన జీపులు తుక్కుకు పోక తప్పదు. 50 ఏళ్ళు పైబడి, అసలు రూపంలోనే వున్న సొంత బళ్ళను మాత్రం 2021 నాటి నిబంధనల ప్రకారం వింటేజి వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. కాకపోతే వాటిని రోజువారీ పనులకు వాడరాదు.

బండి పోతే ఇనుము మిగులుతుంది, పనితనం పోతే ఏమీ మిగలదు. మన శాఖల చరిత్రల్లో అధికారుల పేర్లున్నాయి గాని, నడిరాత్రి వాగు ఒడ్డున జీపు విప్పి, ఉదయానికి మందులూ, విత్తనాలూ వూరు చేర్చిన డ్రైవర్ల పేర్లు లేవు. మన సంఘంలో వున్న డ్రైవరు సోదరులు తమకు తెలిసిన పని మనుమలకు చూపించాలి. పాత లాగ్ బుక్కులూ, మరమ్మతు పుస్తకాలూ అటక మీద వుంటే చెదల పాలు చేయకుండా దాచాలి. పింఛను వంటిదే ఈ విద్య. దాన్ని మనం సంపాదించుకున్నాం, మన వెనకటి వాళ్ళకూ అందాలి.