రాజు లేని రాజ్యం: నాయంకర వ్యవస్థ బలంపై పునఃపరిశీలన

కాకతీయుల రాజధాని ఓరుగల్లు కోట క్రీ.శ. 1323లో ఢిల్లీ సేనాని ఉలుగ్‌ఖాన్ చేతికి చిక్కింది. ఢిల్లీకి తరలిస్తుండగా రాజు ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో మరణించాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతోంది. ఏలుబడిలో ఉన్న వంశం ముగిసింది. రాజధానికి సుల్తాన్‌పూర్ అని కొత్త పేరు పెట్టారు. అయినా 34 ఏళ్ళ తర్వాత, 1357లో, సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో దెబ్బతిన్న గుడికి పునఃప్రతిష్ఠ చేయించి శాసనం వేయించిన అధికారి పేరు ఎఱపోతు లెంక. ఆయన ఏలిక ప్రోలయ వారసుడు కాపయ నాయకుడు. లెంక, నాయకుడు అన్న రెండు హోదాలూ కాకతీయుల కొలువులో స్థిరపడినవే. కొలువిచ్చిన రాజు పోయి ఒక తరం గడిచినా ఆ కొలువు సాగుతూనే ఉంది.

ఏ పాలనా రూపం బలమైనదన్న చర్చలో ఈ సంగతికి దక్కవలసిన చోటు దక్కలేదు. నీతిశాస్త్రాలు రాజ్యపు సప్తాంగాల్లో స్వామిని, అంటే రాజును, మొదట నిలిపి, మిగిలిన ఆరింటినీ ఆయన చుట్టూ అమర్చాయి. మడికి సింగన సకలనీతిసమ్మతంలో కూర్చిన పద్యాలు కూడా ఎక్కువగా రాజు ఎలా ఉండాలన్న దాని చుట్టూనే తిరుగుతాయి. ఆధునిక చరిత్రకారులూ ఆ కొలబద్దనే చేపట్టారు. రాజు ఆజ్ఞ ఎంత దూరం సాగింది, ఎంత పన్ను రాజధానికి చేరింది, ఎన్ని ఏనుగులు కోటలో ఉన్నాయి అన్నవే వారికి బలానికి గుర్తులు. రాజు లేని రోజున రాజ్యం ఏమైందన్న ప్రశ్న వేస్తే ఇదే చరిత్ర వేరుగా కనిపిస్తుంది.

ఈ ప్రశ్నకు సామగ్రిని తెలుగు పండితులు ఎప్పుడో సిద్ధం చేశారు. మల్లంపల్లి సోమశేఖరశర్మ 1945లో ముసునూరి నాయకుల చరిత్రను శాసనాల నుంచి వెలికితీశారు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి 1978లో కాకతీయులపై సమగ్ర గ్రంథం వెలువరించారు. ఆ రెండేళ్ళకే, 1980లో, బర్టన్ స్టెయిన్ మధ్యయుగ దక్షిణ భారత రైతు రాజ్యంపై తన ప్రసిద్ధ గ్రంథం ప్రచురించాడు. ఆ తర్వాత దక్షిణాది రాజ్య స్వభావంపై ఎక్కడ చర్చ జరిగినా ఆయన సిద్ధాంతమే కేంద్రమైంది, తెలుగు శాసనాలు అంచుకు జరిగాయి. ఆ అన్యాయాన్ని గుర్తించకుండా నాయంకరం, అంటే సైనిక కొలువుకు ప్రతిగా నాయకులకు ఊళ్ళ రాబడి అప్పగించే పద్ధతి, గురించి మాట్లాడటం సాధ్యం కాదు.

స్టెయిన్ తన నమూనాను ఐడన్ సౌథాల్ తూర్పు ఆఫ్రికాలోని ఆలూరు సమాజంపై 1956లో రాసిన గ్రంథం నుంచి తీసుకున్నాడు. దాని ప్రకారం రాజ్యం ఖండాల కూర్పు. ప్రతి ఖండానికీ తన సొంత అధికారం, సొంత పెద్దలు ఉంటారు. నడిమి రాజుకు తన సొంత గడ్డ దాటాక ఉండేది ఆచారపరమైన ఆధిపత్యమే. చోళుల నాడులను, అంటే ఊళ్ళ సముదాయాలను, ఆయన ఈ మూసలో చూపాడు. విజయనగరానికి వచ్చేసరికి తెలుగు నాయకులు తమిళ ప్రాంతంలో నాడులపైన వచ్చి కూర్చున్న యోధులుగా కనిపించారు. ఆ యోధులు తమ సొంత గడ్డమీద ఎలా తయారయ్యారు, ఎవరు తయారుచేశారు అన్నది ఆయన పట్టించుకోలేదు. ఆయన ఆధారాలలో ఎక్కువ భాగం తమిళ ప్రాంతానివి. ఒక భాషా ప్రాంతపు శాసనాలతో కట్టిన సిద్ధాంతాన్ని దక్షిణాపథమంతటికీ పరచడం పద్ధతి రీత్యానే దోషం. 1989 నాటి విజయనగర గ్రంథంలో ఆయన కృష్ణదేవరాయల కేంద్రీకరణ ప్రయత్నాలకు మునుపటికంటే ఎక్కువ చోటిచ్చాడు కాని, నాయకుడి పుట్టుక గురించిన ప్రశ్న అక్కడా మిగిలే ఉంది.

కాకతీయ నాయకుడు ఖండాధిపతి కాడు. గణపతిదేవుడి కాలంలో (1199–1262) శాసనాలు వేయించినవారిలో కోట, నతవాడి, మల్యాల, రేచెర్ల వంటి పాత కులీన కుటుంబాలు ముందు వరసలో కనిపిస్తాయి. రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలానికి వచ్చేసరికి ఆ వంశాలు వెనక్కి తగ్గుతాయి. పెద్ద వంశం, పెద్ద బిరుదావళి లేని నాయకులూ లెంకలూ బంట్లూ ముందుకు వస్తారు. వేయికి పైగా శాసనాలను వరసపెట్టి చూసిన సింథియా టాల్బట్ 2001 నాటి గ్రంథంలో ఈ మార్పును స్పష్టంగా చూపారు. తాతల నాటి నేల బలంతో కాక కొలువు బలంతో పైకి వచ్చినవాడికి రాజ్యంతో ఉండే బంధం వేరు. సొంత గడ్డను ఏలే సామంతుడు రాజు ఓడితే కొత్త రాజుకు దండం పెట్టి తన గడ్డ తాను ఏలుకుంటాడు. కొలువు వల్ల నాయకుడైనవాడికి ఆ కొలువే ఆస్తి. దాన్ని కాపాడుకోక తప్పదు.

ఈ బంధం ఎంత లోతుకు దిగిందో చందుపట్ల శాసనం చెబుతుంది. నల్లగొండ ప్రాంతంలోని ఈ చిన్న శాసనం శక సంవత్సరం 1211, అంటే క్రీ.శ. 1289 నాటిది. రుద్రమదేవి మరణ కాలాన్ని నిర్ధారించడానికే దీన్ని సాధారణంగా వాడుకుంటారు. దాని అసలు విలువ మరోచోట ఉంది. శాసనం వేయించినవాడు పువ్వుల ముమ్మడి. ఆయన రాజబంధువు కాడు, మండలేశ్వరుడు కాడు, సేనాని మల్లికార్జున నాయకుడి కొలువులోని మనిషి. రుద్రమదేవికీ మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని ఆయన సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడు. తిరుగుబాటు చేసిన కాయస్థ నాయకుడు అంబదేవుడితో జరిగిన పోరులోనే ఆ ఇద్దరూ మరణించారని చరిత్రకారుల ఊహ, శాసనం మాత్రం శత్రువు పేరెత్తదు. ఆ రాతిమీద కనిపించేది మూడు మెట్ల వరస: పైన రాణి, నడుమ నాయకుడు, కింద బంటు. కింది మెట్టు మీదివాడు తన దొర ఒక్కడి పేరే చెక్కించి ఊరుకోవచ్చు. ఆయన రాణినీ కలిపి తలచుకున్నాడు. స్టెయిన్ చెప్పిన ఆచారపరమైన ఆధిపత్యం ఇదేనని ఎవరైనా అంటే, ఆ ఆచారం దండుతో పాటు యుద్ధభూమికి నడిచిందని గుర్తుంచుకోవాలి. సాధారణ బంటు దాకా దిగిన విధేయతను ఖండాల కూర్పు అనడానికి వీల్లేదు.

అంబదేవుడి తిరుగుబాటును నాయంకర బలహీనతకు నిదర్శనంగా చూపడం వాడుక. పరిశీలిస్తే అది ఎదురు వాదానికే పనికొస్తుంది. గంగయ సాహిణి మొదలుకొని జన్నిగదేవుడు, త్రిపురారి, అంబదేవుడు అని ఒకే కాయస్థ కుటుంబం ఒకే దక్షిణ ప్రాంతాన్ని వరసగా ఏలింది. కొలువు అక్కడ వంశపు ఆస్తిగా మారిపోయింది. 1290 నాటి త్రిపురాంతక శాసనంలో అంబదేవుడు స్వతంత్రుడిగా తన విజయాలు చెప్పుకున్నాడు. మరుసటి ఏడాదికే అదే త్రిపురాంతకంలో ప్రతాపరుద్రుడి పక్షాన ఇందులూరి అన్నయ కనిపిస్తాడు. తిరుగుబాటు వచ్చింది నాయంకరం పాత సామంత పద్ధతిలోకి జారిన చోట, దాన్ని అణచింది నాయంకరం నిలిచిన చోటి బలం.

రాజు లేకుండా రాజ్యం నిలవడం 1323 తర్వాతే మొదలైన సంగతి కూడా కాదు. పన్నెండో శతాబ్దం చివర మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో మరణించాడు, కొడుకు గణపతిదేవుడు వారి చెరలో పడ్డాడు. సింహాసనం ఖాళీగా ఉన్న ఆ కాలంలో రాజ్యాన్ని నిలబెట్టినవాడు సేనాని రేచెర్ల రుద్రుడు. 1213 నాటి పాలంపేట శాసనం ఆయనను కాకతీయ రాజ్యభారాన్ని మోసినవాడిగా కీర్తిస్తుంది. రేచెర్లవారు పాత కులీనులే అయినా, రాజ్యభారం రాజుది కాని భుజం మీద నిలవగలదన్న ఆలోచన అక్కడే శాసనానికెక్కింది.

ఓరుగల్లు పతనం తర్వాతి పన్నెండు, పదమూడేళ్ళు ఈ వాదనకు అసలైన పరీక్ష. భద్రాచలం సీమలోని రేకపల్లి కేంద్రంగా ప్రోలయ నాయకుడు దండు కూడగట్టాడు. రైతు నుంచి న్యాయమైన భాగమే తీసుకున్నాడనీ పోయిన అగ్రహారాలను తిరిగి ఇచ్చాడనీ విలస శాసనం చెప్పే మాటల్లో పొగడ్త పాలు తీసివేసినా, పన్ను వసూలు, భూదానాల నమోదు, గ్రామ సరిహద్దుల నిర్ణయం చేయగల యంత్రాంగం ఒకటి పనిచేస్తూ ఉందని తేలుతుంది. అది కొత్తగా పుట్టడానికి వ్యవధి లేదు. 1336 ప్రాంతంలో కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి పట్టుకున్నాడు. అప్పుడు ఆయన వెంట 75 మంది నాయకులు నిలిచారని 1423 నాటి కలువచేరు శాసనం చెబుతోంది. దాన్ని వేయించిన అనితల్లి రాజమహేంద్రవరం రెడ్ల ఇంటి ఆడపడుచు, కాటయ వేముడి కుమార్తె. ముసునూరివారితో బంధుత్వం లేని మరో పాలక కుటుంబం నూరేళ్ళ తర్వాత కూడా ఆ జ్ఞాపకాన్ని తామ్రఫలకాల మీద భద్రపరిచింది. కాపయ తర్వాత నాయకులు ఎవరి చోట్లకు వారు వెళ్ళి తమ ఊళ్ళను ఏలుకున్నారని కూడా అదే శాసనం అంటుంది. దీన్ని విచ్ఛిన్నంగా చదివే అలవాటు ఉంది. రాజధాని అక్కర లేకుండానే ఊళ్ళకు రక్షణ, న్యాయం అందించగల యంత్రాంగం వారి దగ్గర ఉందని చదవడం సముచితం. 1368 ప్రాంతంలో కాపయ నాయకుడు సాటి నాయకులైన రేచెర్లవారితో పోరులోనే ప్రాణం విడిచాడన్నది నిజమే.

దేవగిరితో పోల్చితే తేడా మరింత స్పష్టం. 1318లో హరపాలదేవుడి మరణంతో యాదవ వంశం ముగిసింది. 1327లో మహమ్మద్ బిన్ తుగ్లక్ ఆ నగరాన్నే దౌలతాబాదుగా తన రెండో రాజధాని చేసుకున్నాడు. అక్కడ ఢిల్లీ అధికారాన్ని చివరికి కూలదోసింది యాదవుల పాత సామంతులు కారు, ఢిల్లీయే నియమించిన అమీర్లు. 1347లో బహమనీ రాజ్యం స్థాపించింది వారే. మధురలోనూ పాండ్యుల కొలువు తిరిగి లేవలేదు. సుల్తానులను తొలగించడానికి విజయనగరం నుంచి కుమార కంపన రావలసి వచ్చింది. మూడు రాజధానులూ ఒకే ఢిల్లీ సైన్యాలకు లొంగాయి. పాత రాజు మనుషులే తిరిగి లేచి పాత రాజధానిని గెలుచుకున్నది తెలుగునేల మీదే. అయితే 1334–35 ప్రాంతంలో తెలంగాణంలో సుల్తాను సేనలో వ్యాపించిన అంటురోగం కాపయకు కొంత కలిసొచ్చింది.

ఈ బలానికి ఆర్థిక మూలం చెరువు. రామప్ప, పాకాల, ఘనపురం వంటి జలాశయాలు రాజధాని ఖజానా ఒక్కటే కట్టినవి కావు. సేనానులు, మంత్రులు, వారి కొడుకులు తవ్వించి తమ పేర్లూ దొర పేర్లూ కలిపి శాసనాలు వేయించారు. చెరువు తవ్వించినవారికి దశబంధంగా కొంత భాగం దక్కేది. కోట పడిపోయినంత మాత్రాన కట్ట తెగదు, తూము మూసుకుపోదు. కట్టకింద పంట ఉన్నన్నాళ్ళూ నాయకుడికి బంట్లను పోషించే శక్తి ఉంటుంది. ఓరుగల్లు దోపిడీలో ఢిల్లీకి చేరిన ఏనుగులు, గుర్రాలు, రత్నాలు రాజు సంపద. రాజ్యపు సంపద చెరువుల కింద మిగిలే ఉంది.

విజయనగరం ఈ పద్ధతినే అమరనాయంకరంగా విస్తరించింది. 1535 ప్రాంతంలో అక్కడున్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రెండు వందలకు పైగా నాయకులున్నారని రాశాడు. వారిలో పెద్దవారి రాబడి, రాజుకు చెల్లించే మొత్తం, పోషించవలసిన కాల్బలం, గుర్రాలు, ఏనుగుల లెక్కలు విడివిడిగా ఇచ్చాడు. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు మరణించాడు, నగరం పాడుబడింది. సామ్రాజ్యం ఆ రోజే ముగిసినట్టు రాయడం పాఠ్యపుస్తకాల అలవాటు. తిరుమల రాయలు పెనుకొండకు తరలాడు, అరవీటి వంశం పదిహేడో శతాబ్దం మధ్యదాకా సాగింది. తంజావూరు నాయకులు 1673 వరకు, మధుర నాయకులు 1736 వరకు పాలించారు. ఓరుగల్లులో పన్నెండు, పదమూడేళ్ళలో రుజువైనదే ఇక్కడ రెండు శతాబ్దాల నిడివిలో రుజువైంది. దక్షిణాపథంలో వెలసిన పాలనా రూపాలన్నింటిలో నాయంకరమే బలమైనదని చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు. 1763లో హైదరాలీ బిదనూరును పట్టుకునేదాకా ఇక్కేరి నాయకుల పాలన సాగింది. అప్పటికి విజయనగరం పాడుబడి 198 ఏళ్ళు.