తామ్రలిప్తిలో పన్నెండేండ్లు

రాకపోకలు అను జంటపదమున రాక ముందు వచ్చును, పోక వెనుక వచ్చును. మన సముద్రచరిత్రను వ్రాసినవారు మాత్రము ఈ వరుసను తారుమారు చేసిరి. మన లిపి కడలి దాటెను, మన శిల్పము కడలి దాటెను, మన దేవతలు ద్వీపాంతరములలో వెలసిరి అని చెప్పుకొనుటలో మనకు గల ఉత్సాహము, ఆ దేశములనుండి ఇక్కడి కెవరు వచ్చిరి, వచ్చి ఏమి చేసిరి అని విచారించుటలో కానరాదు. ఆచార్య రమేశచంద్ర మజుందారు 1927లో చంపాదేశచరిత్రను ప్రకటించినపుడు దానిని ప్రాచీన భారతీయ వలసల చరిత్రలో ఒక సంపుటముగా నిలిపెను. పరపాలనలో క్రుంగియున్న జాతికి ఆనాడు ఆ మాట ధైర్యము నిచ్చెననుట నిజము. కాని వలస యను దృష్టితో చూచువానికి ఇచ్చినవాడే కనబడును. వచ్చి నేర్చినవాడు, నేర్చి మరల ఇచ్చినవాడు కనబడడు. అట్లు మరుగుపడిన యొక మహనీయుని కథ మేదినీపుర ప్రాంతమునకు చెందినది. ఆతడు నేటి వియత్నాం దేశమున జన్మించి, మన తూర్పుతీరమున 12 సంవత్సరములు నివసించిన బౌద్ధభిక్షువు.

ముందుగా పోకను గూర్చి కొంత చెప్పవలెను; అది లేనిదే రాక అర్థము కాదు. క్రీ.శ. 2వ శతాబ్దమున టాలమీ వ్రాసిన భూగోళగ్రంథమున కృష్ణానదీముఖమునందలి మైసోలియా తీరము వర్ణితమై యున్నది. అందలి కంటకోస్సిల యను రేవు నేటి ఘంటసాల యని పండితుల నిర్ణయము. సువర్ణభూమికి పోవు ఓడలు తీరమును విడిచి నడికడలికి మరలు తావు ఆ తీరముననే కలదని ఆతడు చెప్పెను. సముద్రమున కావలిగట్టున, వియత్నాం దక్షిణభాగమున, న్యాట్రాంగ్ పట్టణసమీపమునందలి వో కాన్ అను చోట దొరకిన సంస్కృత శిలాశాసనము ఆగ్నేయాసియాలోని సంస్కృతశాసనములలో మిక్కిలి ప్రాచీనములైన వానిలో నొకటి. దాని అక్షరములకు దక్షిణభారత లిపులతో పోలిక కలదు. సరుకుతోపాటు అక్షరమును ఓడ నెక్కిన కాలమది.

ఉత్తర వియత్నాంలో, హనోయికి తూర్పుగా, బాక్‌నిన్ ప్రాంతమున దౌ ఆలయము కలదు. ఆ దేశమున మిక్కిలి ప్రాచీనమైన బౌద్ధస్థానమని దానికి ప్రసిద్ధి. ఆవరణమధ్యమున ఇటుకలతో కట్టిన మూడంతస్తుల గోపురము నిలిచియున్నది. మేఘము, వర్షము, ఉరుము, మెరుపు అను నాలుగు ప్రకృతిశక్తులు అక్కడ నలుగురు ధర్మదేవతలైనవి. వారికి ఆ చుట్టుప్రక్కల నాలుగు ఆలయములు వెలసినవి. వరి పండించు రైతు వానకొరకు మ్రొక్కిన తల్లికి ధర్మమేఘ మను అర్థము గల బౌద్ధనామము కలిగెను. గ్రామదేవత పురాణదేవతగా మారు తీరు నెరిగిన తెలుగువానికి ఈ మార్పు వింతగా తోపదు. 580లో వినీతరుచి అను భారతీయభిక్షువు ఈ ఆలయమునకు వచ్చి ధ్యానమార్గమును బోధించెనని 14వ శతాబ్దపు వియత్నాం గ్రంథమొకటి చెప్పుచున్నది. ఆ గురుపరంపరలో చరిత్ర యెంత, ఐతిహ్య మెంత అని పండితులు చర్చించుచున్నారు. చర్చ యెట్లున్నను ఒకటి నిశ్చయము. తమ యింటికి వచ్చిన అతిథి పేరును ఆ దేశమువారు మరువలేదు.

మరి అక్కడినుండి మన యింటికి వచ్చిన అతిథి పేరేమి? దీనికి సమాధానము చీనా యాత్రికుడైన ఇత్సింగ్ గ్రంథమున లభించును. ఆతడు 671లో కాంటన్ రేవున ఓడ నెక్కి, శ్రీవిజయమున కొంతకాల ముండి, 673లో తామ్రలిప్తికి చేరెను. ధర్మజిజ్ఞాసతో భారతదేశమునకు పయనించిన ఏబదిమందికి పైగా భిక్షువుల చరిత్రలను ఆతడు తరువాత ఒక గ్రంథముగా కూర్చెను. వారిలో ఆరుగురు నేటి వియత్నాం భూభాగమువారు. ఆ భూభాగమున ఉత్తరభాగ మానాడు చీనా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. ఆ ఆరుగురిలో ఒకనిని ఇత్సింగ్ తామ్రలిప్తిలోనే కలిసికొనెను. ఆతని పేరు చీనాభాషలో తాచెంగ్ తెంగ్, వియత్నాం ఉచ్చారణలో దాయి థువా దాంగ్, సంస్కృతమున మహాయానప్రదీపుడు. భాషలు మూడైనను అర్థ మొక్కటియే: మహాయానమను దీపము. అనువాదవృత్తిలో తల నెరసినవారికి ఇట్టి పేరు కంటబడుట పండుగవంటిది.

మహాయానప్రదీపుని జన్మస్థలము ఆయిచౌ, అనగా నేటి థాన్‌హోవా ప్రాంతము. బాల్యముననే తల్లిదండ్రులతో ఓడ నెక్కి, నేటి థాయిలాండ్ భూభాగమునందలి ద్వారవతీరాజ్యమునకు పోయి, అక్కడ సన్యసించెను. పిదప చీనా రాయబారి వెంట చాంగాన్ నగరము చేరి, భారతయాత్ర ముగించి వచ్చియున్న హ్యూయన్‌త్సాంగ్ ఆచార్యుని సన్నిధిని ఉపసంపద పొందెను. గురువు చూచిన పుణ్యభూమిని తానును చూడవలెనను కోరికతో దక్షిణసముద్రము దాటి సింహళమునకు పోయి, దంతధాతువును పూజించి, దక్షిణభారతము మీదుగా తామ్రలిప్తికి వచ్చెను. నదీముఖమున దొంగలు ఓడను దోచుకొనిరి. ప్రాణము తప్ప మరేమియు మిగులలేదు. అట్లు సర్వము కోలుపోయి దిగిన ఊరిలోనే ఆతడు 12 సంవత్సరములుండి, సంస్కృతమున నిష్ణాతుడై, శాస్త్రములను బోధించెను. తనను దోచుకొన్న తీరమునకు ఆతడు విద్యాదానముతో బదులు చెప్పెను.

674లో ఇత్సింగ్, మహాయానప్రదీపుడు వర్తకుల గుంపుతో కలిసి మధ్యదేశమునకు బయలుదేరిరి. దారిలో ఇత్సింగ్ జబ్బుపడి వెనుకబడెను. ఒంటరియైన ఆతనిని దొంగలు చుట్టుముట్టి కట్టుబట్టలు సైతము ఒలిచికొనిరి. ఆతడు ఒడలికి బురద పూసికొని, ఆకులు కప్పుకొని, కఱ్ఱ ఊతగా నడచుచు రెండవజాము వేళకు ఊరు చేరెను. ఆ చీకటిలో ఊరి వెలుపల నిలిచి తన్ను పిలుచుచున్న మహాయానప్రదీపుని కంఠము వినవచ్చెను. వస్త్రమిచ్చి, చెరువున స్నానము చేయించి, లోనికి తోడ్కొనిపోయినవాడు ఆతడే. దోపిడి యెట్టిదో ఎరిగినవాడు గనుక తోడు యెట్టిదో కూడ ఎరుగును. నాలందా, బుద్ధగయ, వైశాలి దర్శించిన పిమ్మట, కుశీనగరమున పరినిర్వాణవిహారమున, 60 దాటిన వయస్సున ఆతడు కన్నుమూసెను.

ఆనాటి తామ్రలిప్తి నేటి తాంలుక్ పట్టణము. రూపనారాయణ నదీతీరమున నున్నది. 5వ శతాబ్దారంభమున ఫాహియాన్ అక్కడ రెండేండ్లుండి గ్రంథములకు ప్రతులు వ్రాసికొనెను, మూర్తులను చిత్రించుకొనెను. ఆతడు 20కి మించిన విహారములను చెప్పగా, 7వ శతాబ్దమున హ్యూయన్‌త్సాంగ్ సుమారు పదింటిని మాత్రమే చెప్పెను. అక్కడి విహారజీవనమును ఇత్సింగ్ కన్నులకు కట్టినట్లు వ్రాసెను. భిక్షువులు భూమిని రైతుల కిచ్చి, ఫలసాయమున మూడింట నొకవంతు మాత్రము గైకొనుచుండిరి. ప్రతియుదయము బావినీటిలో పురుగులున్నవేమో పరీక్షించి గాని వాడుచుండెడివారు కారు. 1954-55లో భారత పురావస్తుశాఖ తాంలుక్‌లో త్రవ్వకములు జరిపి ఆ స్థలప్రాచీనతను స్థాపించెను. కాని ప్రాచీనపట్టణము పైననే నేటి పట్టణ మున్నది. యాత్రికుడు వీధులన్నియు తిరిగినను మహాయానప్రదీపుడు నివసించిన విహారము కానరాదు.

విహార మెట్టిదో చూడగోరువారు ఖరగ్‌పూర్‌లోని పూరీ గేట్ మీదుగా దక్షిణమునకు పోవు రైలుమార్గమును పట్టుకొనవలెను. నారాయణ్‌గఢ్, బెల్దా దాటిన పిమ్మట నెకుర్‌సేని స్టేషను వచ్చును. అక్కడికి చేరువనే, దాంతన్ ప్రాంతమున, మొగల్‌మారి గ్రామమున్నది. 1575లో మొగలులకు, దావూద్‌ఖాన్ కర్రానీ సేనలకు జరిగిన తుకరోయి యుద్ధముతో ఈ పేరు ముడిపడియున్నది. ఊరివారు శశిసేన కథతో పెనవేసి చెప్పుకొను దిబ్బను 2003-04 నుండి కలకత్తా విశ్వవిద్యాలయాచార్యుడు అశోక్ దత్తా నాయకత్వమున త్రవ్విరి. తరువాత రాష్ట్ర పురావస్తుశాఖ ఆ పనిని కొనసాగించెను. మట్టిక్రింద బయటపడినది ఇటుకల మహావిహారము: భిక్షువుల గదులు, సున్నపుగచ్చుతో మలచిన బొమ్మలు గల గోడలు, అక్షరములు గల మట్టిముద్రలు. 2016 జనవరిలో 90కి పైగా కంచువస్తువులు ఒక్కమారుగా దొరకినవి. మహాయానప్రదీపునకు మొగల్‌మారితో సంబంధము అంటగట్టరాదు. ఇత్సింగ్ ఆతనిని తామ్రలిప్తిలోనే చూచెను. కాని తాంలుక్, మొగల్‌మారి 2002 వరకు ఒకే మేదినీపుర జిల్లాలోనివి. తామ్రలిప్తి గ్రంథములలో మిగిలినది, మొగల్‌మారి ఇటుకలలో మిగిలినది. రెంటిని కలిపి చదివినవానికే ఆ కాలము బోధపడును.

పూరీ గేట్ పరిసరములలో తెలుగుమాట వినబడుట వింత కాదు. శ్రీకాకుళ, విజయనగర, విశాఖ ప్రాంతములనుండి బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకు వచ్చినవారి సంతతి ఖరగ్‌పూర్‌లో తరతరములుగా స్థిరపడియున్నది. ఇంట తెలుగు, పనిలో హిందీ, అంగడిలో బంగాళీ మాటలాడు ఈ జనము తమ ఊరికి చరిత్ర లేదనియు, అది రైలుతో పుట్టినదనియు చెప్పుకొనును. పట్టణము రైలుతో పుట్టినమాట నిజమే. కాని పరదేశమునుండి వచ్చి, ఇక్కడి భాష నేర్చి, ఇక్కడి పనికి తన బ్రతుకు నర్పించుట యను ధర్మము ఈ నేలకు రైలుకంటె 1200 ఏండ్లు పెద్దది.

అతిథి పేరును రాతిపై నిలుపుట తెలుగువారు ఎరుగని పని కాదు. 3వ శతాబ్దమున, ఇక్ష్వాకు ప్రభువైన వీరపురుషదత్తుని 14వ పాలనాసంవత్సరమున, బోధిశ్రీ అను ఉపాసిక నాగార్జునకొండలో సింహళభిక్షువుల కొరకు చైత్యగృహము కట్టించి శాసనము వేయించెను. ఆ భిక్షువులు ధర్మప్రచారము చేసిన దేశముల వరుసలో చీనా పేరును, వంగదేశము పేరును అందు చెక్కబడినవి. దాత తన పేరుతోపాటు అతిథుల ఘనతను గూడ రాతి కెక్కించినది. మహాయానప్రదీపుడు మరణించిన కుశీనగరమున నేడు వియత్నాం బౌద్ధుల ఆలయ మొకటి కలదు. ఆతడు జీవించిన తీరమున సైతము ఆతని పేరు తెలుపు ఒక చిన్న శిలాఫలకము నిలుపుట న్యాయము. అందు వ్రాయదగిన దెక్కువ లేదు. ఆతడెక్కడినుండి వచ్చెనో, ఇక్కడ ఎన్నేండ్లు చదివి బోధించెనో చెప్పినచో చాలును.