బస్సు: ఒక ప్రత్యయము చేసిన దేశాటనము

హైదరాబాదునకు తూర్పున ఉప్పల్ రింగురోడ్డు కడ, వరంగల్లు పోవుటకై నిలిచినవారిని పలుకరించినచో "బస్సు కొరకు చూచుచున్నాము" అందురు. ఈ చిన్న వాక్యమున చతుర్థీ విభక్తి రెండుమార్లు వచ్చినదని మేమనిన పాఠకులు నవ్వుదురేమో! కాని అది నిజము.

లాటిను భాషలో 'ఓమ్నిస్' అనగా సర్వము. దాని చతుర్థీ బహువచనరూపము 'ఓమ్నిబుస్', అనగా 'అందఱి కొఱకు'. చివరనున్న 'బుస్' వట్టి ప్రత్యయము. సంస్కృతమున 'సర్వేభ్యః' అనుచోట గల 'భ్యస్' ప్రత్యయమునకు ఇది సోదరస్థానీయమని తులనాత్మక భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. రెండు భాషలందును చతుర్థీ పంచమీ బహువచనములకు ఒకే రూపముండుట గమనింపదగినది. 1826లో నాంత్ నగరమున బోద్రీ యనునతడు నడిపిన గుఱ్ఱపుబండ్లకు ఫ్రెంచివారీ పేరిడిరి. 1829లో షిల్లిబీర్ దానిని లండనునకు తెచ్చెను. అచటి జనము కొలది యేండ్లలోనే ప్రాతిపదికను విడిచి ప్రత్యయమును మాత్రముంచుకొనిరి. 'అందఱు' పోయిరి, 'కొఱకు' మిగిలెను.

హైదరాబాదు రాజ్యమున నిజాము రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. ఉర్దూలో 'చాలు' అను నర్థమున 'బస్' అను పారసీపదము అంతకు పూర్వమే కలదు. ఉర్దూ, హిందీలలో ఈ రెండును ఒకే ఉచ్చారణతో నిలిచినవి. తెలుగు అట్లు ఊరకుండలేదు. హ్రస్వము మీది హల్లును ద్విత్వము చేసి, ఉకారము చేర్చి, 'కప్పు', 'బిల్లు' వలె 'బస్సు' అనెను. దీర్ఘము గల 'కారు'నందు ద్విత్వము లేదు. కనుక ఉప్పల్ వీథులలో రెండు భాషలును కలిసి మ్రోగుచున్నను తెలుగువానికి 'బస్' వేఱు, 'బస్సు' వేఱు. పైగా బహువచనరూపమునుండి పుట్టిన ఈ మాటకు మనము మరల 'లు' చేర్చి 'బస్సులు' అనుచున్నాము!

దీనిని ఆంగ్లపదమని ఒక్కమాటతో త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. తమిళులు 'పేరుందు' అను పదమును కల్పించుకొనిరి. మనవారు బస్టాండునకు 'ప్రయాణ ప్రాంగణము' అని ఫలకము వ్రాసిరి గాని, బస్సు జోలికి పోలేదు.

నాచారము పారిశ్రామికవాడకు ఈ పదమే వేఱొక దారిని చేరినది. అన్ని శాఖలకును విద్యుత్తు నందించు లోహపుపట్టీని తొలుత 'ఓమ్నిబస్ బార్' అనిరి, పిదప 'బస్‌బార్' అయినది. మూలార్థము వాహనమునకన్న ఈ పట్టీయందే మిక్కిలి స్పష్టముగా నిలిచినదని మా యభిప్రాయము.

2017లో ఉప్పల్ మీదుగా నడువసాగిన మెట్రో పేరున జరిగినది దీనికి విపర్యయము. 'మెట్రోపాలిటన్' అను గ్రీకుమూల పదమున ఆదిభాగమే మిగిలి, తక్కినది లోపించినది.