కరపత్రంలో చివరి పేరు

మా ఇంట్లో ఒక ట్రంకుపెట్టె నిండా నాటకాల కరపత్రాలున్నాయి. గులాబీరంగువి, పసుప్పచ్చవి, వేలు తగిలితే అంచులు రాలిపోయేవి. పైన పెద్దక్షరాల్లో కృష్ణుడి పేరు, కిరీటంతో ఆయన ఫొటో. ఆ కింద అర్జునుడు, దుర్యోధనుడు, కర్ణుడు. ఇంకా కిందికి, కాగితం అయిపోయే చోట, ‘హార్మోనియం’ అని ఒక్క మాట, పక్కన మా నాన్న పేరు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ పేరు ఆ వరుస దాటి పైకి రాలేదు. అందుకు ఆయన నొచ్చుకోగా నేను చూడలేదు. నాకు మాత్రం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మాది తెనాలికి ఆరు మైళ్ల దూరంలో కాలవగట్టు మీది ఊరు. ఈలపాట రఘురామయ్య గారి సుద్దపల్లి, స్థానం నరసింహారావు గారి బాపట్ల అప్పట్లో మా జిల్లావే. శ్రీరామనవమికో, శివరాత్రి జాగారానికో పందిట్లో నాటకం వెయ్యకపోతే ఊరికి తలవంపులు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్య హరిశ్చంద్రీయం’, కాళ్లకూరి నారాయణరావు గారి ‘చింతామణి’ ఆ రాత్రుల్ని ఏలాయి. హరిశ్చంద్ర కాటి సీనులో జాషువా గారి పద్యాలు కూడా చేర్చి పాడేవాళ్లు. ఆ పద్యాలు అసలు ఆ నాటకంలోవి కావని నాకు కాలేజీకి వెళ్లాకగానీ తెలియలేదు.

హార్మోనియం మన వాద్యం కాదు. 1842లో పారిస్‌లో డెబెయిన్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత కలకత్తాలో చేత్తో తిత్తి ఊదే రకం తయారైంది. నాటక కంపెనీల వెంట అది ఊరూరా తిరిగింది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు 1886లో సరసవినోదిని సభ పెట్టి, నటుల చేత పద్యాన్ని రాగం తీసి పాడించారు. పద్యం పాటగా మారాక నటుడికి శ్రుతి కావాలి, తోడు కావాలి. ఆ తోడు హార్మోనియం అయింది. ఈ చరిత్రంతా నాన్న ఒక్క ముక్కలో చెప్పేవాడు: “పారిస్‌లో పుట్టి ఆంధ్రా పారిస్‌కి కాపరానికొచ్చిన పిల్లమ్మా ఇది!” తెనాలికి ఆ పేరుంది కదా, అందుకని.

ఆ పిల్లని రేడియో మాత్రం గడప తొక్కనివ్వలేదు. మన గమకాలు దాని మెట్ల మీద పలకవని 1940 మార్చిలో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1948లో విజయవాడ కేంద్రం వచ్చినప్పుడూ ఆ నిషేధం అలాగే ఉంది. 1971 దాకా సడలలేదు. గమకం విషయంలో వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. కానీ పందిట్లో నేల మీద కూర్చున్న వేలమందికి ఆ మెట్ల మీదనే మోహన, కాపి, శంకరాభరణం చెవికెక్కాయి. రాగం పేరు తెలియని మా మేనత్త, అపస్వరం పడితే మాత్రం టక్కున తల తిప్పేది.

హార్మోనిస్టు పనేమిటో ఇవాళ్టి వాళ్లకి చెప్పాలి. ఒక్క నాటకంలో ముగ్గురు కృష్ణులుండేవాళ్లు. పడక సీనుకి ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఇంకొకరు. ఒకరిది రెండు శ్రుతి, ఇంకొకరిది నాలుగు. తెర పడి లేచేలోగా హార్మోనిస్టు వేళ్లు కొత్త షడ్జానికి అలవాటు పడాలి. నటుడు పాదం ముగించి ఊపిరి పీల్చుకునేటప్పుడు అదే సంగతిని వాయించి, ఖాళీ తెలియనివ్వకూడదు. జనం ‘వన్స్ మోర్’ అంటే అలిసిన గొంతుకి కాస్త ఊతమివ్వాలి. రాత్రి పదింటికి కాలి హార్మోనియం ముందు కూర్చుంటే తెల్లవారి కోడి కూసేదాకా కాలు తొక్కుతూనే ఉండాలి. ఒకసారి రాయబారంలో కృష్ణుడికి పద్యం మూడో పాదం గుర్తు రాలేదు. నాన్న ఆ రాగాన్నే అందుకుని, ఆయనకి పాదం దొరికేదాకా అల్లుకుంటూ పోయాడు. జనం చప్పట్లు కొట్టారు. దండ కృష్ణుడి మెళ్లో పడింది. ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ నాన్న కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ పద్యం మర్చిపోయిన పెద్దమనిషి మా పెరట్లో పళ్లు తోముకుంటూ ఆయన కూడా నవ్వాడు.

నాటకం అయ్యాక ముఖాన రంగు పూర్తిగా వదలని మనుషులు అలా మా ఇంట్లో దిగడం మామూలే. అమ్మ పొయ్యి మీద పెసరట్లు పోస్తుంటే, దుర్యోధనుడు అల్లం పచ్చడి అడిగి మరీ వేయించుకునేవాడు. ఒక ఏడాది ఒక కాంట్రాక్టరు అందరికీ డబ్బు ఎగ్గొట్టి పోయాడు. నాన్న తన ఉంగరం కుదువబెట్టి ఏడుగురు నటులకి బస్సుచార్జీలిచ్చి, చెల్లికి బెల్లం జిలేబీ కూడా పట్టుకొచ్చాడు. అమ్మ వారం రోజులు సాధించింది. నాన్న చేతి హార్మోనియం పెట్టె ముందేసుకుని, అమ్మ తిట్టిన తిట్టల్లా అదే హెచ్చుతగ్గులతో వాయించి చూపించాడు. నాయనమ్మ గొణుగుడు మంద్రంలో, అమ్మ కేక తారస్థాయిలో. అమ్మ చేతిలో గరిటెతోనే నవ్వేసింది. మేం నలుగురం పిల్లలం ఆ ‘కచేరీ’ మళ్లీ మళ్లీ వాయించమని పీడించేవాళ్లం.

పాఠం చెప్పించుకోవడానికి వచ్చిన ఎవరి దగ్గరా ఆయన రూపాయి పుచ్చుకోలేదు. ఊళ్లో పెళ్లయితే పెట్టె నెత్తిన పెట్టుకుని తనే వెళ్లేవాడు.

సినిమా నాటకాన్ని కొంత తిన్నది, టీవీ మరికొంత తిన్నది. తెల్లార్లూ ఆడే నాటకం పోయి పడక సీనొకటి, కాటి సీనొకటి మిగిలాయి. తర్వాత కీబోర్డులొచ్చాయి. నాన్న కీబోర్డుని తప్పుపట్టలేదు. ఒక కుర్రాడికి కూర్చోబెట్టి దాని మీద పడక సీను నేర్పాడు.

ఆయన 1996 కార్తీకంలో పోయాడు. పదకొండో రోజున పాత కృష్ణుడొకాయన వచ్చి, మా వసారాలో నిలబడి పద్యం ఎత్తుకున్నాడు. పెట్టె మూసే ఉంది. రెండో పాదానికే గొంతు శ్రుతి తప్పింది. ఆయన ఆగిపోయి, పెట్టె వైపు చూసి కూర్చుండిపోయాడు.

నటుల మీద పుస్తకాలొచ్చాయి, విగ్రహాలొచ్చాయి. రావలసిందే. వాళ్లని రాత్రంతా నిలబెట్టిన హార్మోనిస్టుల పేర్లు ఒక్కచోట రాసిపెట్టిన పుస్తకం నా కంటపడలేదు. మీ ఇంట్లో అటక మీద పాత నాటకం కరపత్రం ఉంటే పారెయ్యకండి. దాని చివరి వరుస చదివి, ఆ పేరూ, ఆ ఊరూ ఒక కాగితం మీద రాసి ఉంచండి.